మంచును మోసుకెళ్ళే ఊరు

శ్రోతలకు నమస్కారం.

మూడేళ్ళ కిందట మా అమ్మాయి పురిటికని డిసెంబరులో మాంట్రియల్ వెళ్ళాను. కెనడాలో, క్విబెక్ రాష్ట్రంలో, ఎక్కువమంది ఫ్రెంచి మాట్లాడే ఊరు. మంచు ఎలా పడుతుందో నేను చెప్పను. అది మీరు సినిమా పాటల్లో చూసే ఉంటారు. పడిన మంచును ఏం చేస్తారో, అది చెబుతాను.

పాప పుట్టి పదకొండో రోజు. రాత్రి తొమ్మిది దాటింది. బయట మైనస్ 18 డిగ్రీలు. ఉన్నట్టుండి వీధిలో సైరన్ మొదలైంది. అంబులెన్సు కూత కాదది. రెండే స్వరాలు, ఒకటి పైకి, ఒకటి కిందికి, ఆగకుండా. అప్పుడే కళ్ళు మూసిన పాప ఉలిక్కిపడి లేచింది. మా అల్లుడు "అత్తయ్యా, బండి!" అని ఒక్క కేక పెట్టి, పైజామా మీదే కోటు తగిలించుకుని బయటికి పరుగెత్తాడు.

ఆ ఊళ్ళో పాత ఇళ్ళకు మేడమెట్లు బయటే ఉంటాయి. ఇనుప మెట్లు, చాలావాటికి వంపు కూడానూ. ఎండాకాలం ఫొటోలకు ఎంతో బాగుంటాయి. చలికాలం మాత్రం దేవుణ్ణి తలుచుకుని దిగాలి.

ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. బండి లేదు. దొంగలెత్తుకుపోయారని నేను లబలబలాడుతుంటే మా అమ్మాయి నవ్వుతోంది.

సంగతేమిటంటే, మంచు బాగా పడ్డాక రోడ్ల పక్కన నారింజ రంగు బోర్డులు పెడతారు. ఫలానా వేళ నుంచి ఫలానా వేళ దాకా ఇక్కడ కారు ఉంచవద్దని. మావాడు బోర్డు చూసుకోలేదు. పురిటి ఇల్లు కదా, ఎవరికీ నిద్రల్లేవు, ఎవరికీ ఏదీ గుర్తుండదు. సైరన్ అంటే ఆఖరి పిలుపు. అప్పటికీ తీయకపోతే కారును లాక్కెళ్ళే లారీ వచ్చి, దగ్గర్లో వేరే వీధిలో వదిలేస్తుంది. మాది మూడు వీధుల అవతల దొరికింది. అద్దం మీద జరిమానా కాగితంతో సహా.

మావాడు కారు వెతుక్కుంటుంటే నేను పాపను భుజాన వేసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. అప్పుడు చూశాను ఆ ఊరేగింపు.

ముందు కాలిబాట మీద బుల్లి ట్రాక్టరు లాంటిది వచ్చింది. చక్రాలుండవు, యుద్ధట్యాంకుకు ఉన్నట్టు పట్టాలు. దాన్ని అక్కడ షెనియెట్ అంటారు. గొంగళిపురుగు మాటలోంచి వచ్చిన పేరు. పేరుకే పురుగు, వేగం మాత్రం ఆటోవాడిది. కాలిబాట మీదున్న మంచునంతా రోడ్డు మీదికి తోసేసి పోయింది. వెనకే గ్రేడర్లు, అంటే కింద పొడుగాటి ఇనుప పలక ఉన్న బండ్లు వచ్చి ఆ మంచును వీధి పొడుగునా ఒక గట్టులా పోగేశాయి. అచ్చం చేలగట్టే. ఆ తరవాత వచ్చింది అసలు దేవుడు. సూఫ్లూజ్ అంటారు, ఊదేది అని అర్థం. ముందు ఒక మనిషి నడుస్తూ దారి చూసుకుంటున్నాడు. వెనక ఆ యంత్రం గట్టును నములుతూ, పైనున్న గొట్టంలోంచి మంచును చిమ్ముతోంది. పక్కనే అంతే నెమ్మదిగా నడిచే లారీలో పడుతోంది. లారీ నిండింది, వెళ్ళింది. ఇంకోటి ఆ చోట్లోకి జరిగింది. అదీ నిండింది, వెళ్ళింది. ఇంకోటి. చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు లారీల్లా వీధి చివరిదాకా వరస. పావుగంటలో మా వీధిలో నల్లటి తారు కనిపించింది.

అప్పుడు నాకు మా ఊరి కళ్ళం గుర్తొచ్చింది. నూర్పిడి యంత్రం అటు గడ్డిని ఎగజిమ్ముతుంటే చిన్నప్పుడు గంటలకొద్దీ చూసేవాళ్ళం. అదే తీరు! ఆ మాటే అల్లుడితో అన్నాను. ఆయన వెతికి చెప్పాడు, నేను అన్నది ఉత్తమాట కాదట. ఈ యంత్రాన్ని 1925లో తయారుచేసినవాడు ఆర్థర్ సికార్. ఆ చుట్టుపక్కలవాడే, పల్లెటూరివాడు. పొలంలో నూర్పిడి యంత్రాన్ని చూసే ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఎక్కడి కళ్ళం, ఎక్కడి మంచు!

మరి ఆ మంచంతా ఎక్కడికి పోతుంది? ఒకప్పుడు నదిలో పోసేవారు. అందులో రోడ్డు మీది ఉప్పు, నూనె, చెత్త అన్నీ ఉంటాయి కనక మానేశారు. ఇప్పుడు కొంత మురుగుకాలువల్లోకి దించుతారు, మిగతాది దిబ్బలుగా పోస్తారు. అన్నిటికన్నా పెద్ద దిబ్బ ఫ్రాంకన్ అనే పాత సున్నపురాయి క్వారీలో ఉంటుంది. మాంట్రియల్లో ఏటా రమారమి రెండు మీటర్ల మంచు పడుతుంది. శుభ్రం చేయాల్సిన రోడ్లూ కాలిబాటలూ కలిపితే 10,000 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడకు పద్దెనిమిది సార్లు వెళ్ళిరావడమన్నమాట.

మే నెలలో చెట్లన్నీ చిగుళ్ళేశాక ఆ క్వారీ చూపించమన్నాను. "అక్కడేముందత్తయ్యా, మురికి" అన్నాడు. అయినా తీసుకెళ్ళాడు. కంచె ఇవతల నుంచే చూశాం. నల్లటి గుట్ట. బొగ్గుగుట్ట అనుకుంటారు ఎవరైనా. అదంతా మంచే. జనవరిలో మా కిటికీ కింద పడిన తెల్లటి మంచు కూడా అందులో ఎక్కడో ఉండే ఉంటుంది. కొన్నేళ్ళు ఎండాకాలమంతా గడిచినా పూర్తిగా కరగదట.

మెట్రో గురించీ, నేల కింద ముప్పై కిలోమీటర్లకు పైగా ఉన్న నడవాల గురించీ చెప్పాలనుకున్నాను గానీ టైమైపోతోంది. ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. ఈ చలికాలం పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నల కోసం.

ఇక్కడి నుంచి బరువైన స్వెట్టర్లు మోసుకుపోకండి. ఇళ్ళల్లో వెచ్చగానే ఉంటుంది. బూట్లు మాత్రం అక్కడే కొనుక్కోండి, జారని అడుగు ఉన్నవి. షెనియెట్ వెళ్ళాక కాలిబాట శుభ్రంగా కనిపిస్తుంది. దాన్ని నమ్మకండి. అడుగున మిగిలిన పలచటి పొర గాజులా గడ్డకడుతుంది. చలి మరీ ముదిరితే ఉప్పు పనిచేయదు, అప్పుడు సన్నటి రాళ్ళు చల్లుతారు. ఆ రాళ్ళున్న చోటే అడుగు వేయండి. లేకపోతే పక్కనున్న మెత్తటి మంచులో నడవండి. చిన్న చిన్న అడుగులు. చేతులు జేబుల్లో పెట్టుకోకండి, కాలు జారితే ఆపుకోవడానికి ఉండవు. చలేస్తే గ్లవుజులు వేసుకోండి. నేను ఇది రెండోసారి పడ్డాక నేర్చుకున్నాను.

నమస్కారం.