పిచర్లూ క్యాచర్లూ వచ్చేదాకా

శ్రోతలకు నమస్కారం.

నాది తెనాలి. షికాగోలో స్థిరపడి 19 ఏళ్లయింది. ఇది జనవరి నెల. పెరట్లో మోకాలి లోతు మంచు. పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా రాత్రిళ్లు కుళాయి సన్నటి ధారగా వదిలి పడుకుంటున్నాం. ఇలాంటి రోజుల్లో ఇక్కడ ఒక ఆట పూర్తిగా ఆగిపోతుంది. ఆ ఆటే ప్రాణంగా బతికేవాళ్లు ఈ నెలలు ఎలా నెట్టుకొస్తారో ఈ పూట మీతో చెప్పాలనుంది. ఆట పేరు బేస్‌బాల్.

క్రికెట్‌తో మనకు ఆ బాధ లేదు. ఒక సిరీస్ అయిందో లేదో ఇంకోటి మొదలవుతుంది. బేస్‌బాల్‌కు మాత్రం ఒక రుతువుంది. మార్చి ఆఖర్న మొదలై సెప్టెంబరు ఆఖరు దాకా ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. జట్లు 30. అంటే మన జట్టు మ్యాచ్ ఇంచుమించు రోజూ ఉన్నట్టే. అక్టోబరులో ముందు నిలిచిన జట్ల మధ్య పోటీలు, వాటి చివర వరల్డ్ సిరీస్. నవంబరు మొదటి వారానికల్లా అంతా సద్దుమణుగుతుంది. ఎప్పుడో ఏడాదికొకసారి వచ్చే పండగయితే పోనీలే అనుకోవచ్చు. ఇది పాలు, పేపరు లాగా రోజూ గుమ్మంలోకి వచ్చే ఆట. ఆరు నెలల పాటు సాయంత్రం కూర తరుగుతుంటే రేడియోలో ఒక గొంతు మాట్లాడుతూ ఉంటుంది. ఒకరోజు ఆ గొంతు ఆగిపోతుంది. ఇంట్లో మనిషి ఊరెళ్లినట్టుంటుంది.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నారు. 80 దాటాయి. షికాగో కబ్స్ జట్టంటే చిన్నప్పటి నుంచి ఆయనకు పిచ్చి ప్రేమ. నాకు ఈ ఆట నేర్పింది ఆయనే. మా అబ్బాయి ఆయన్ని తాతయ్య అంటాడు. ఆ మాటకు అర్థం ఏమిటని నన్ను అడిగి తెలుసుకున్నారు. అప్పటి నుంచి మా ఇంటికి ఫోన్ చేస్తే పేరు చెప్పరు, "తాతయ్యను" అనే అంటారు. ఆయన వంటింటి కిటికీలో ఒక పాత రేడియో ఉంటుంది. వేసవిలో మా పెరట్లోకి కూడా వినిపిస్తుంది. నవంబరు వచ్చాక అది అక్కడే ఉంటుంది గానీ మోగదు.

రోజర్స్ హార్న్స్‌బీ అని 1920లలో గొప్ప బ్యాటర్. 1924లో అతని సగటు 0.424. అంటే పది సార్లు బ్యాటు పట్టి నాలుగు సార్లకు పైగా హిట్ కొట్టినట్టు. ఫీల్డర్ తప్పేమీ లేకుండా, బంతి కొట్టి అవుటవకుండా బేస్ చేరితే అది హిట్. బేస్‌లంటే పరుగు దారిలో ఒక్కొక్కటే చేరాల్సిన మజిలీలు. బేస్‌బాల్‌లో పదికి మూడు కొడితేనే మొనగాడంటారు. చలికాలంలో ఏం చేస్తావని ఎవరో అడిగితే, కిటికీలోంచి బయటికి చూస్తూ వసంతం కోసం కూర్చుంటానన్నాడట. ఆ మాట ఇక్కడ అందరి నోటా నానింది. పెద్దాయన మాత్రం ఒప్పుకోరు. అతను ఆటగాడు కాబట్టి ఊరికే కూర్చున్నాడు, మనకు చేతినిండా పని ఉంది అంటారు. ఆ పని ఏమిటో ఇన్నేళ్లుగా దగ్గరుండి చూశాను.

మొదటిది కబుర్లు. వెనకటికి అమెరికా పల్లెల్లో కిరాణా కొట్టు మధ్యలో ఇనప పొయ్యి ఉండేది. చలికాలం పొలం పనులుండవు. ఊళ్లోవాళ్లు ఆ పొయ్యి చుట్టూ చేరి, అయిపోయిన మ్యాచ్‌ల గురించీ రాబోయే ఏడాది గురించీ వాదించుకునేవారు. అందుకే ఈ నెలల ముచ్చట్లకు హాట్ స్టవ్ లీగ్ అని పేరు పడింది. ధనుర్మాసంలో తెల్లవారుజామున మన ఊళ్లలో నెగడు వేసుకుని, చేతులు కాచుకుంటూ ఊరి సంగతులన్నీ తిరగేస్తారు చూడండి, అచ్చం అదే. ఇప్పుడు పొయ్యి లేదు, ఫోన్లున్నాయి. ఏ ఆటగాడు ఏ జట్టుకు వెళ్తున్నాడు, ఎంతకు వెళ్తున్నాడు అన్నదే ఎక్కువ. 2023 డిసెంబరులో షొహే ఒటానీ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అందులో 68 కోట్లు ఆ పదేళ్లూ గడిచాకే తీసుకుంటానన్నాడు. ఆ వారమంతా మా ఆఫీసులో ఇంకో మాట లేదు.

ఒకప్పుడు ఇదే చలికాలంలో ఆటగాళ్లు పొట్టకూటికి వేరే పనులు చూసుకునేవాళ్లు. న్యూయార్క్ యాంకీస్‌కు పేరు తెచ్చిన యోగి బెర్రా, ఫిల్ రిజుటో ఇద్దరూ న్యూవార్క్‌లో ఒక బట్టల కొట్లో పనిచేశారు. వరల్డ్ సిరీస్ గెలిచిన మనిషి చేతుల మీదుగా కోటు కొనుక్కున్నవాళ్లు ఎంత మురిసిపోయి ఉంటారో.

మన దేశానికి సంబంధించిన ముచ్చట కూడా ఈ ఖాళీ నెలల్లోనే జరిగింది. ఉత్తరప్రదేశ్ నుంచి ఇద్దరు కుర్రాళ్లు, రింకూ సింగ్, దినేశ్ పటేల్. ఈటె విసిరేవాళ్లు. బేస్‌బాల్ ముఖం కూడా చూడకుండా పెరిగారు. బంతి ఎంత వేగంగా వేయగలరని పెట్టిన ఒక టీవీ పోటీలో నెగ్గి అమెరికా వచ్చారు. 2008 నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థ ఇద్దరినీ తీసుకుంది. కింది స్థాయి జట్లలోనే ఆడారు, ఆ 30 జట్లు ఆడే పెద్ద లీగ్ దాకా వెళ్లలేకపోయారు. అయినా ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఈ ఆటలో మనవాళ్ల పేర్లు కనబడటం అదే మొదలు మరి.

ఇక పెద్దాయన అసలు కాలక్షేపం గురించి చెబుతాను. అది స్కోర్‌బుక్.

క్రికెట్‌లో స్కోరు రాసే పుస్తకం మీలో కొందరు చూసే ఉంటారు. బేస్‌బాల్ స్కోరు పద్ధతికి మూలపురుషుడు హెన్రీ చాడ్విక్. ఇంగ్లండులో పుట్టి న్యూయార్క్‌లో క్రికెట్ వార్తలు రాసిన విలేకరి. 1850లలో బేస్‌బాల్ చూసి దాని మీద మనసు పడి, క్రికెట్ పద్ధతిని దీనికి మలిచాడు. మైదానంలో ఒక్కొక్కరికీ ఒక అంకె ఉంటుంది. బంతి వేసే పిచర్ 1, వెనక పట్టే క్యాచర్ 2, మొదటి బేస్ దగ్గర ఉండేవాడు 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, రెండుకూ మూడుకూ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6. 6-4-3 అని రాసి ఉంటే, షార్ట్‌స్టాప్ బంతి ఆపి రెండో బేస్‌కు విసిరాడు, అక్కడి నుంచి మొదటి బేస్‌కు వెళ్లింది, ఇద్దరు అవుటయ్యారు అని చదువుకోవాలి. బ్యాటు ఊపి తప్పినా, సరిగ్గా వచ్చిన బంతిని వదిలేసినా స్ట్రైక్ అంటారు. మూడు స్ట్రైకులతో బ్యాటర్ అవుటైతే కె అనే ఇంగ్లీషు అక్షరం. బ్యాటు ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే అక్షరాన్ని తిప్పి రాస్తారు. మ్యాచ్ మొత్తం రెండు పేజీల్లో ఇమిడిపోతుంది. ముప్పై ఏళ్ల తర్వాత తెరిచినా ప్రతి బంతీ కాకపోయినా, ప్రతి బ్యాటరూ ఏమయ్యాడో చెప్పొచ్చు.

పెద్దాయన దగ్గర అలాంటి పుస్తకాలు ఒక చెక్కపెట్టె నిండా ఉన్నాయి. చలికాలం శనివారాల్లో ఒక్కోటి తీసి, టేబుల్ మీద పరిచి, మ్యాచ్ మొత్తం మా అబ్బాయికి చదివి వినిపిస్తారు. మేం ఎన్నిసార్లు విన్నా విసుగురాని పేజీ ఒకటుంది. 1998 మే 6. కబ్స్ సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్. వచ్చింది హ్యూస్టన్ ఆస్ట్రోస్. ముసురు పట్టిన బుధవారం మధ్యాహ్నం, చూడటానికి 16,000 మంది కూడా రాలేదు. వాళ్లలో ఈయన ఒకరు. కబ్స్ పిచర్ కెర్రీ వుడ్‌కు అప్పటికి 20 ఏళ్లు. పెద్ద లీగ్‌లో అతనికది అయిదో మ్యాచ్. ఆ పేజీలో ఆస్ట్రోస్ వైపు చూస్తే మొదటి అయిదు గళ్లలోనూ ఆ కె అక్షరమే. బేస్‌బాల్ మ్యాచ్‌కు మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లు. ఇన్నింగ్స్ తర్వాత ఇన్నింగ్స్ అదే అక్షరం, మధ్యలో అక్కడక్కడ ఒక అంకె. మొత్తం 20. తొమ్మిది ఇన్నింగ్స్‌లలో అంతమందిని అలా అవుట్ చేయడం అప్పటికి రోజర్ క్లెమెన్స్ ఒక్కడికే సాధ్యమైంది, రెండు సార్లు. కబ్స్ 2-0తో గెలిచింది. ఏడో ఇన్నింగ్స్ వచ్చేసరికి గీతలు లావయ్యాయి. చెయ్యి వణికి పెన్సిల్ గట్టిగా నొక్కేశానంటారు పెద్దాయన. మూడో ఇన్నింగ్స్ దగ్గర చినుకు పడి ఒక గడి మాసిపోయింది. అసలు గొడవంతా ఆ గడిలోనే ఉంది.

ఆ ఇన్నింగ్స్‌లో రికీ గుటియెరెజ్ కొట్టిన బంతి మూడో బేస్ ఆటగాడు కెవిన్ ఓరీ గ్లవ్‌కు తగిలి పక్కకు పోయింది. స్కోరర్ దాన్ని హిట్ అని రాశాడు. ఆస్ట్రోస్‌కు ఆ రోజు దక్కిన ఒకే ఒక్క హిట్ అది. దాన్ని ఫీల్డర్ తప్పు అని రాసి ఉంటే, ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్‌గా చరిత్రలో నిలిచేది. పెద్దాయనా, ఆయనతో పాటు ఆ రోజు పక్క సీట్లో కూర్చున్న స్నేహితుడూ ప్రతి చలికాలమూ దీని మీద వాదించుకుంటారు. తప్పే అంటారు ఈయన. హిట్టే అంటాడు ఆయన. నన్నడిగితే హిట్టే. ఆ బంతిని పట్టి విసిరినా బ్యాటర్ దొరికేవాడు కాదు. ఈ మాట నేను పెద్దాయన ముందు కూడా అన్నాను. రెండు రోజులు ఫోన్ చేయలేదు.

రేడియో గురించి చెప్పకపోతే ఈ మాటలకు నిండుదనం రాదు. బేస్‌బాల్ మొదటిసారి రేడియోలో వినిపించింది 1921 ఆగస్టు 5న, పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ స్టేషన్ నుంచి. తర్వాత 1930లలో అయోవా రాష్ట్రంలోని ఒక స్టేషన్‌లో రోనాల్డ్ రీగన్ అనే కుర్రాడు కబ్స్ మ్యాచ్‌లు చెప్పేవాడు. అవును, తర్వాత అధ్యక్షుడైన ఆ రీగనే. మైదానం వందల మైళ్ల దూరం. టెలిగ్రాఫ్ తీగ మీద వచ్చే ముక్కలు చూసి, మ్యాచ్ కళ్లముందు జరుగుతున్నట్టు చెప్పాలి. ఒకరోజు మధ్యలో తీగ పనిచేయడం మానేసింది. ఏం చేయాలో తోచక, బ్యాటర్ ప్రతి బంతినీ గీత బయటికి కొడుతున్నాడని నిమిషాల తరబడి చెప్పుకుంటూ పోయాడట. ఈ కథ ఆయనే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. చలికాలంలో పాత ప్రసారాల రికార్డింగులు వినడం ఇక్కడ చాలామందికి అలవాటు. ఎవరు గెలిచారో తెలుసు, ఎన్ని పరుగులో తెలుసు. అయినా వింటారు. తెలిసిన పద్యం మళ్లీ వింటామే, అలాగ.

మా ఇంట్లో పని వేరు. మా అబ్బాయి గ్లవ్‌కు నూనె పట్టించడం. తోలు గ్లవ్‌ను నాలుగు నెలలు అలమరలో పడేస్తే కర్రలా బిగుసుకుపోతుంది. పాత బనీను గుడ్డను నూనెలో ముంచి, గట్టిగా పిండి, అరచేతి భాగం నుంచి వేళ్ల వైపు రుద్దాలి. ఎక్కువ పెడితే బరువెక్కి బంతి జారుతుంది. తర్వాత గుంటలో బంతి పెట్టి, గ్లవ్ మూసి, తాడుతో కట్టి పరుపు కింద పెడతాడు. ఆవకాయ జాడీకి మా అమ్మ వాసెన కట్టినంత శ్రద్ధగా కడతాడు.

రాత్రి అన్నాలయ్యాక పాచికలు. స్ట్రాట్-ఓ-మాటిక్ అని హాల్ రిచ్‌మన్ అనే ఆయన తయారుచేసిన ఆట, 1961 నుంచీ ఉంది. ఒక్కో ఆటగాడికి ఒక కార్డు. నిజంగా ఆడిన లెక్కల ప్రకారం అచ్చువేసినవి. మూడు పాచికలు వేయాలి. ఒకటి బ్యాటర్ కార్డు చూడాలా, పిచర్ కార్డు చూడాలా అన్నది చెబుతుంది. మిగిలిన రెండింటి మొత్తం ఏం జరిగిందో చెబుతుంది. తాతా మనవడూ కలిసి ఈ చలికాలం 41 మ్యాచ్‌లు ఆడారు. అన్నిటికీ స్కోర్‌బుక్ ఉంది.

2016 తర్వాతి చలికాలం గురించి ఒక మాట. 1908 తర్వాత కబ్స్ మళ్లీ వరల్డ్ సిరీస్ గెలవడానికి 108 ఏళ్లు పట్టింది. క్లీవ్‌లాండ్‌లో ఏడో మ్యాచ్, పది ఇన్నింగ్స్‌లు, 8-7. ఆ రోజుల్లో జనం రిగ్లీ ఫీల్డ్ ఇటుక గోడల మీద సుద్దముక్కలతో పేర్లు రాశారు. ఆ గెలుపు చూడకుండా కన్నుమూసిన తల్లిదండ్రుల పేర్లు, తాతల పేర్లు. పెద్దాయన వాళ్ల నాన్న పేరు రాస్తుంటే సుద్దముక్కల డబ్బా పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. ఆ చలికాలం ఆయన పాత పుస్తకాలేవీ తీయలేదు. రేడియో ముట్టుకోలేదు. ఎప్పుడడిగినా ఆ ఏడో మ్యాచే చెప్పారు.

శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందని మా అమ్మ ఫోన్లో అంటుంది. షికాగోలో పోదు. కానీ ఇంచుమించు ఆ రోజుల్లోనే, ఫిబ్రవరి రెండో వారంలో, పేపర్లో ఒక చిన్న వాక్యం వస్తుంది. పిచర్లూ క్యాచర్లూ వచ్చేశారని. జట్లలో సగం ఫ్లోరిడాలో, సగం అరిజోనాలో సాధన మొదలుపెడతాయి. భుజం నెమ్మదిగా వేడెక్కాలి కాబట్టి పిచర్లు ముందు వస్తారు. వాళ్ల బంతి పట్టడానికి క్యాచర్లు. నెలాఖరుకు సాధన మ్యాచ్‌లు, వాటితో పాటు రేడియో.

పోయిన ఏడాది అరిజోనా నుంచి మొదటి ప్రసారం వచ్చిన మధ్యాహ్నం మేం ముగ్గురం ఆయన వంటింట్లో ఉన్నాం. బయట మంచు పడుతోంది. రేడియోలో ఎండ గురించి చెబుతున్నారు. పెద్దాయన కొత్త స్కోర్‌బుక్ తెరిచి, పైన తేదీ వేసి, పెన్సిల్ మా అబ్బాయి చేతికిచ్చారు. మొదటి బ్యాటర్ కొట్టిన బంతి షార్ట్‌స్టాప్ దగ్గరికి వెళ్లింది, అక్కడి నుంచి మొదటి బేస్‌కు. వాడు 6-3 అని రాశాడు. పెద్దాయన కళ్లజోడు పైకెత్తి చూసి, "ఇంకొంచెం గట్టిగా రాయి నాన్నా, చినుకు పడితే చెరిగిపోతుంది" అన్నారు.