కార్బన్ షీటును ఊడనివ్వని ఫ్యాన్ యాంకర్: వాడి చూశాక నా మాట

నమస్తే అండి. ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి. సవరంలా ఉంది కదూ? కార్బన్ పోగుల కట్ట. దీన్నే ఫ్యాన్ యాంకర్ అంటారు. ఇవాళ రివ్యూ దీనిదే.

బీముకు బలం చాలకపోతే కార్బన్ ఫైబర్ షీటును ఎపాక్సీ అనే జిగురుతో అతికిస్తాం. 1991లో స్విట్జర్లాండ్‌లో లూసర్న్ దగ్గర ఇబాక్ వంతెనకు 175 కిలోల స్టీలు పట్టే చోట 6.2 కిలోల కార్బన్‌తో పని కానిచ్చారు. అంత గట్టి సరుకు. అయితే లోడు పెరిగితే చాలాసార్లు షీటు తెగదండి, ఊడిపోతుంది. తప్పు జిగురుది కూడా కాదు. ఈ ఊడిన ముక్కను తిప్పి చూడండి, వెనకాల ఇసుక, సిమెంటు పొర అంటుకునే ఉంది. అంటే కాంక్రీటే పెచ్చు లేచింది. షీటు పొడవు పెంచుదామా అంటే, ఒక హద్దు దాటాక లాభం లేదు.

అందుకే ఈ కట్ట. కాంక్రీటులో రంధ్రం చేసి, ఎపాక్సీ నింపి, తడిపిన కట్టను దోపుతాం. బయట మిగిలిన పోగుల్ని షీటు మీద విసనకర్రలా పరిచి అదుముతాం. డ్రిల్లు పెట్టేముందు లోపల చువ్వలు ఎక్కడున్నాయో చూసుకోవాలి, అది మర్చిపోకండి.

అసలు పనంతా రంధ్రం దగ్గరే. కార్బన్‌ను లాగితే గట్టిదే కానీ, పదునైన అంచు మీద వంచితే పుటుక్కుమంటుంది. అందుకని రంధ్రం మూతిని గుండ్రంగా అరగదీయాలి. ఇక దుమ్ము. బ్రష్, గాలి, మళ్లీ బ్రష్, మళ్లీ గాలి. నేను మొదటిసారి చేసినప్పుడు ఒక్కసారి ఊది సరిపెట్టాను. టెస్టులో లాగితే కట్ట ఎపాక్సీతో సహా జారి చేతికొచ్చింది, ఒళ్లంతా బూడిద రంగు పిండి! ఆ రోజు టెన్షన్ నాకే తెలుసు.

ఎక్కడ పనికొస్తుందంటే, స్లాబు అడ్డొచ్చి షీటును చుట్టూ తిప్పలేని టీ (ఇంగ్లిష్ T ఆకారం) బీములకు నేను నిస్సందేహంగా వాడమంటాను. చువ్వలు తుప్పు పట్టి కాంక్రీటు ఉబ్బిన చోట మాత్రం వద్దు, ముందు ఆ రిపేరు చూడండి. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల గైడ్ ఏసీఐ 440.2ఆర్ షీటు అతికించే కాంక్రీటు లాగుడు పరీక్షలో కనీసం 1.4 ఎంపీఏ (మెగాపాస్కల్, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 14 కిలోల లాగుడు) తట్టుకోవాలంటుంది. యాంకర్ పనితీరును కూడా టెస్టు చేసి రుజువు చేయమంటుంది. కాబట్టి ఎవరైనా కేటలాగ్ చూపించి బేరం మొదలుపెడితే, టెస్టు రిపోర్టు అడగండి.

సరే, ఇప్పుడు ఈ కట్టను దోపి చూపిస్తాను. గ్లవ్స్ ముందు వేసుకుంటున్నా, పోగు చర్మంలో దిగిందంటే రెండు రోజులు గోక్కోవడమే.