బస్సు ఛార్జీ బడికి ఇచ్చినట్టా, బిడ్డకి ఇచ్చినట్టా?

[స్క్రీన్ మీద: 357 డాలర్ల 74 సెంట్లు]

ఈ అంకె చూడండి. 21 మంది పిల్లల బస్సు ఛార్జీలు ఇవి. తలకి 17 డాలర్లు. అమెరికాలో పన్ను డబ్బుకీ మతానికీ మధ్య గీత ఎక్కడ గీయాలి అనే కేసు ఈ చిల్లర దగ్గరే మొదలైంది.

కేసు పేరు ఎవర్సన్. 1947 ఫిబ్రవరి 10న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దీని గురించి రెండు మాటలు ఎప్పుడూ వినిపిస్తుంటాయి. "మత సంస్థల స్కూళ్లకి కూడా ప్రభుత్వం బస్సు పెట్టి తీరాలని సుప్రీంకోర్టు చెప్పింది" అని కొందరు అంటారు. "అమెరికాలో మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉంది కదా, అలాంటి స్కూళ్లకి పైసా ఇవ్వకూడదు" అని ఇంకొందరు. రెండూ తప్పే. న్యూజెర్సీలో పిల్లల్ని క్యాథలిక్ స్కూల్లో చేర్చిన మన తెలుగువాళ్లు కూడా ఈ రెండిట్లో ఏదో ఒకటి నమ్మి, రావలసిన డబ్బు వదిలేసుకోవడమో, రాని బస్సు కోసం గొడవపడటమో చేస్తుంటారు. అందుకే ఈ వీడియో.

ముందు జరిగిందేమిటో చూద్దాం. న్యూజెర్సీలో ట్రెంటన్ పక్కన ఈవింగ్ టౌన్‌షిప్. అప్పట్లో అక్కడ హైస్కూలు లేదు. పిల్లలు మామూలు సిటీ బస్సెక్కి ట్రెంటన్ వెళ్లి చదువుకునేవాళ్లు. పసుపు రంగు స్కూలు బస్సు ఊహించుకోకండి. అందరూ ఎక్కే బస్సు, అందరూ కొనే టికెట్టు. 1941లో రాష్ట్రం ఒక చట్టం చేసింది: లాభం కోసం నడిపే ప్రైవేటు స్కూళ్లు తప్ప మిగతా స్కూళ్లకి వెళ్లే పిల్లల ప్రయాణానికి స్థానిక స్కూలు బోర్డు ఏర్పాటు చేయవచ్చు. దాన్ని పట్టుకుని ఈవింగ్ బోర్డు తల్లిదండ్రులకి ఛార్జీలు తిరిగి ఇచ్చింది. అందులో క్యాథలిక్ స్కూళ్లకి వెళ్లే 21 మంది పిల్లల తల్లిదండ్రులూ ఉన్నారు. ఆ ఊళ్లో పన్ను కట్టే ఆర్చ్ ఎవర్సన్ అనే ఆయన, నా పన్నుతో చర్చి చదువుకి డబ్బిస్తారా అని కోర్టుకెళ్లాడు.

ఇది అర్థం కావాలంటే ఆర్టీసీ స్టూడెంట్ పాస్ తలుచుకోండి, చాలు. వీడియో అంతా ఆ పాస్ మన చేతిలోనే ఉంటుంది.

పాస్‌కి ఏం చూస్తారు? బడికి గుర్తింపు ఉందా, బోనఫైడ్ ఉందా, ఇంటి నుంచి బడికి రూటేమిటి. చదివేది జిల్లా పరిషత్ హైస్కూలా, మిషన్ స్కూలా అని చూసి రేటు మార్చరు. ఇప్పుడు ఆలోచించండి, ఆ రాయితీ ఎవరికి అందినట్టు? మిషన్ స్కూలు ఖాతాలో రూపాయి పడలేదు. ఆ స్కూల్లో ప్రార్థనకీ, పంతులుగారి జీతానికీ, బైబిలు పాఠానికీ రూపాయి పోలేదు. పిల్లవాడు క్షేమంగా బడికి చేరాడు, అంతే. జస్టిస్ హ్యూగో బ్లాక్ రాసిన మెజారిటీ తీర్పులో అసలు తర్కం ఇదే. చర్చికి మంటలంటుకుంటే ఫైరింజను వస్తుంది, చర్చి స్కూలు ముందు రోడ్డు దాటే పిల్లల్ని ట్రాఫిక్ పోలీసు దాటిస్తాడు, మురుగు కాలువ వాళ్లకీ కలుపుతారు. వాటిని మతానికి సాయం అనం కదా, బస్సు ఛార్జీ కూడా ఆ కోవలోదే అన్నారు. తీర్పు 5-4తో వచ్చింది.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. మతాన్ని స్థాపించే చట్టం చేయకూడదు అనే నిషేధం రాజ్యాంగంలో కాంగ్రెస్‌ని, అంటే అక్కడి పార్లమెంటుని ఉద్దేశించి రాసినది. అది రాష్ట్ర ప్రభుత్వాలకీ, ఊరి స్కూలు బోర్డులకీ కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది ఈ కేసులోనే. గోడ ఉందన్న విషయంలో తొమ్మిదిమంది జడ్జీలకీ తేడా లేదు. ఈ బస్సు గోడకి ఇవతల ఉందా, అవతలికి దాటిందా అన్న దగ్గరే చీలారు. చాలామంది చెప్పకుండా వదిలేసే విషయం ఇది.

మెజారిటీతో విభేదించిన నలుగురు జడ్జీల వాదన తేలిగ్గా తీసేయకండి. తీర్పు మొత్తంలో పదునైన ఆలోచన అక్కడే ఉంది. మళ్లీ పాస్ దగ్గరికే వద్దాం. పాస్ ఫారంలో "ప్రభుత్వ బడి", "క్యాథలిక్ బడి" అని రెండే గళ్లు ఉన్నాయనుకోండి. లూథరన్ బడి, అంటే ఇంకో క్రైస్తవ శాఖ నడిపే బడి పిల్లవాడు ఏ గడిలో టిక్ పెట్టాలి? ఈవింగ్ బోర్డు తీర్మానంలో ఉన్నవి ఆ రెండే. ఆ నలుగురిలో ఒకరైన జస్టిస్ జాక్సన్ దాన్నే పట్టుకున్నాడు. పోలీసైనా, మంటలార్పేవాడైనా సాయం చేసేముందు ఇది క్యాథలిక్ చర్చికి చెందినదా అని అడగడు, ఇక్కడ మాత్రం పిల్లవాడు ఏ బడికి వెళ్తున్నాడని అడిగి డబ్బిస్తున్నారు కదా అన్నాడు. నా మటుకు ఆ అభ్యంతరానికి మెజారిటీ సరైన జవాబు చెప్పలేదు.

ఆ నలుగురిలోనే జస్టిస్ రట్లెజ్ ఇంకా లోతుకి వెళ్లాడు. మన ఊళ్లలో ప్రైవేటు స్కూలు ఫ్లెక్సీ మీద ఫీజు వివరం ఉన్నా లేకపోయినా "బస్సు సౌకర్యం కలదు" అని మాత్రం పెద్దక్షరాలతో ఉంటుంది. ఎందుకు? బస్సు లేకపోతే పిల్లలు చేరరు. అంటే ప్రయాణ ఖర్చు కూడా ఆ చదువు ఖర్చులో భాగమే. దాన్ని పన్నుతో భరిస్తే ఆ చదువుకి సాయం చేసినట్టే అంటాడు రట్లెజ్. మత బోధకుల కోసం పన్ను వేయాలన్న వర్జీనియా ప్రతిపాదనని ఎదిరిస్తూ 1785లో జేమ్స్ మాడిసన్ రాసిన విన్నపాన్ని పూర్తిగా తన అసమ్మతి తీర్పుకి జతచేశాడు.

మరి ఈ తర్కం ఎక్కడి దాకా సాగుతుంది? పాస్ మీద రూటు రాసి ఉంటుంది చూడండి, ఇంటి నుంచి బడికి. ఆ పాస్‌తో విహారయాత్రకి వెళ్లలేం. 1977లో ఒహాయో నుంచి వచ్చిన వోల్మన్ కేసులో సరిగ్గా ఇదే ప్రశ్న. మత సంస్థల స్కూళ్ల పిల్లల్ని మ్యూజియంలాంటి చోట్లకి తీసుకెళ్లే బస్సుకి ప్రభుత్వం డబ్బివ్వచ్చా? కుదరదంది కోర్టు. ఇంటికీ బడికీ మధ్య ప్రయాణం పాఠం కాదు. యాత్ర మాత్రం పాఠంలో భాగం, ఎక్కడికి వెళ్లాలో, అక్కడ ఏం చెప్పాలో నిర్ణయించేది ఆ స్కూలు టీచరు. బస్సు అదే అయినా ప్రయాణం వేరు.

[స్క్రీన్ మీద: చేయవచ్చు / చేసి తీరాలి]

ఇప్పుడు అందరూ తడబడే చోటుకి వచ్చాం. ఎవర్సన్ తీర్పు చెప్పింది "ఇవ్వవచ్చు" అని. "ఇచ్చి తీరాలి" అని కాదు. ప్రభుత్వ స్కూళ్ల పిల్లలకి మాత్రమే ప్రయాణం ఏర్పాటు చేసే హక్కు రాష్ట్రానికి లేదని మా మాటకి అర్థం కాదు అని బ్లాక్ విడిగా రాశాడు కూడా. ఆర్టీసీ మీ ఊరికి బస్సు వేయవచ్చు, చట్టం అడ్డు లేదు. అంతమాత్రాన రేపు పొద్దున బస్సు రావాలని డిపో ముందు తీర్పు కాపీ చూపించలేరు కదా.

అందుకే అసలు జవాబు ఎప్పుడూ రాష్ట్రంలోనే ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో, ఎవర్సన్ వచ్చిన రెండేళ్లకే, 1949లో, అక్కడి సుప్రీంకోర్టు తమ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఇలాంటి బస్సులు చెల్లవంది. హవాయిలో 1968లో అదే జరిగింది. విస్కాన్సిన్‌లో 1962లో కోర్టు కొట్టేస్తే, 1967లో రాజ్యాంగాన్నే సవరించుకుని బస్సులు తెచ్చుకున్నారు. న్యూయార్క్‌లో 1938లో కోర్టు కొట్టేయడం, రాజ్యాంగ సవరణ రెండూ ఒకే ఏడాదిలో జరిగాయి. న్యూజెర్సీ 1947లో రాసుకున్న కొత్త రాజ్యాంగంలోనే, ఏ స్కూలుకి వెళ్లే పిల్లలకైనా దూరం హద్దు పెట్టి ప్రయాణం ఏర్పాటు చేయవచ్చని చేర్చింది.

టైమ్ అయిపోతోంది, కొత్త కేసులు గబగబా చెప్తాను. 2017లో ట్రినిటీ లూథరన్, 2020లో ఎస్పినోజా, 2022లో కార్సన్. ఈ మూడిట్లో కోర్టు చెప్పింది స్థూలంగా ఒక్కటే: ప్రైవేటు సంస్థలకి సాయం ఇవ్వాలని నిర్ణయించుకున్నాక, మత సంస్థ అన్న కారణంతో వాళ్లని పక్కన పెట్టకూడదు. బస్సు వేయకపోవడం వేరు, వేసి కొందరిని ఎక్కించుకోకపోవడం వేరు.

ఇక న్యూజెర్సీలో ఉన్నవాళ్లకి. స్కూలు లాభాపేక్ష లేనిదై ఉండాలి, రాష్ట్రంలోనే ఉండాలి. 8వ తరగతి వరకు ఇంటికీ స్కూలుకీ దూరం 2 మైళ్లు దాటాలి, 9 నుంచి 12కి రెండున్నర మైళ్లు దాటాలి. పై హద్దు మామూలుగా 20 మైళ్లు. మీ స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే మీ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లని నడిపే సంస్థ, తన ప్రభుత్వ స్కూళ్ల పిల్లలకి బస్సు ఇస్తుంటేనే ఈ బాధ్యత ఉంటుంది. ఫారం పేరు బి6టి. పిల్లకొకటి, ఏటా కొత్తది. మీరుండే డిస్ట్రిక్ట్‌కే చేరాలి, ప్రైవేటు స్కూలు ద్వారా పంపిస్తారు. డిస్ట్రిక్ట్ టెండరు పిలుస్తుంది. చట్టం పెట్టిన గరిష్ఠ ఖర్చు లోపల బస్సు దొరికితే బస్సు. దొరక్కపోతే ఆ మొత్తం మీకు చెల్లిస్తారు. చాలాకాలం 884 డాలర్లుండేది, 2017-18లో 1,000 అయింది, తర్వాత ఇంకా పెరిగింది. బస్సు ఇస్తామన్నాక వద్దు, డబ్బే కావాలంటే కుదరదు. ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే.

న్యూయార్క్‌లో నగరాలకి వేరే లెక్క ఉంది. మిగతా డిస్ట్రిక్టుల్లో 8వ తరగతి దాకా 2 మైళ్లు, ఆ పైన 3 మైళ్లు దాటి, 15 మైళ్ల లోపు ఉండాలి. ఏ విద్యాసంవత్సరానికైనా దానికి ముందొచ్చే ఏప్రిల్ 1 లోపు రాతపూర్వకంగా అడగాలి. కొత్తగా ఆ డిస్ట్రిక్ట్‌లోకి వచ్చినవాళ్లకి 30 రోజులు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే తీసుకుంటారు. గడువు ఉందని తెలియలేదు అంటే మాత్రం దాన్ని కారణంగా ఒప్పుకోరు. మార్చిలోనే పంపించండి, పంపిన కాపీ మీ దగ్గర ఉంచుకోండి.