భవనాశి వెంట, ఎర్రబండల మీద

సభలో ఉన్న పెద్దలకు నమస్కారం. ఆదివారం అహోబిలం నడకకు మాతో వస్తున్న పిల్లలకూ, పంపాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేని వాళ్ళ అమ్మానాన్నలకూ ముఖ్యంగా ఈ నాలుగు మాటలు.

కర్నూలు వాళ్ళకి అహోబిలం కొత్త కాదు. 2022 దాకా మన జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది. మన ఇళ్ళలో ఓబులేసులు, ఓబులమ్మలు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. ఆళ్ళగడ్డ మీదుగా పోతే దిగువ అహోబిలం, అక్కడి నుంచి అడవిలో ఇంకో 8 కిలోమీటర్లు పోతే ఎగువ అహోబిలం. బస్సు అక్కడికే. ఆపైన భవనాశి వాగు వెంట నడకే.

మామూలుగా జనం ఏం చేస్తారంటే, పొద్దున్నే గుడిలో దర్శనం చేసుకుని, చేతికర్ర పట్టుకుని, వరాహ నరసింహుడు అయ్యాడు, జ్వాలా నరసింహుడు అయ్యాడు, ఇక మాలోల నరసింహుడు, ఉగ్రస్తంభం అని లెక్కపెట్టుకుంటూ పరుగు తీస్తారు. ఎదురొచ్చే వాళ్ళని "ఇంకెంత దూరం?" అని తప్ప వేరే మాట అడగరు. మొక్కుకున్న వాళ్ళు అలాగే వెళ్ళాలి, దాన్ని నేను తప్పుపట్టను. మనం మాత్రం ఆదివారం గుడికీ గుడికీ మధ్య ఉన్న దారిని చూడటానికి వెళ్తున్నాం. ఎందుకంటే ఆ దారి పొడవునా మీ కాళ్ళ కింద ఉండేది ఒకప్పటి సముద్రపు ఇసుక.

నమ్మడం కష్టమే. సముద్రం ఎక్కడ, నల్లమల ఎక్కడ! అందుకే నా మాట నమ్మొద్దు, చేత్తో తడిమి చూడండి అంటున్నాను. వాగులో నీళ్ళు తగ్గిన చోట పెద్ద పెద్ద ఎర్రబండలు బయటపడి ఉంటాయి. వాటిలో కొన్నిటి మీద వరసగా, దగ్గర దగ్గరగా, వేలి మందాన గట్లు కనిపిస్తాయి. తుంగభద్రలో నీళ్ళు తీసినాక ఇసుక మీద మీరు ఎన్నోసార్లు చూసిన గీతలే అవి. నీళ్ళు ఇసుకను నెట్టినప్పుడు ఏర్పడినవి. ఆ గట్లకు అడ్డంగా అరచేయి జరపండి. ఒక వైపు మెల్లగా ఎక్కి, రెండో వైపు చటుక్కున దిగుతున్నట్టు తెలిస్తే, దిగిన వైపుకే ఆనాడు నీళ్ళు పారాయి. రెండు వైపులా ఒకేలా ఉంటే అక్కడ నీళ్ళు ఒక దిక్కుకు పారలేదు, అలలు ముందుకూ వెనక్కూ ఊగాయి. కాస్త పైనున్న బండ దగ్గర మళ్ళీ చూడండి. గీతలు ఇంకో దిక్కుకు తిరిగి ఉండొచ్చు. అంటే కింది పొరకీ పై పొరకీ మధ్య కాలంలో నీటి దారే మారిపోయిందన్నమాట. ఇది చూడటానికి పుస్తకం అక్కర్లేదు, ఏ పరికరమూ అక్కర్లేదు. తొమ్మిదో తరగతి పిల్లవాడు అక్కడ నిలబడి "సార్, నీళ్ళు ఇటు పోయాయి" అని వేలు చూపించినప్పుడు నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

ఇసుక రాయి ఎలా అయింది? పొర మీద పొర పడి, అడుగున ఉన్న ఇసుక బరువుకు అణిగిపోయింది. రేణువుల మధ్య ఖాళీల్లోకి నీళ్ళతోపాటు సిలికా, అంటే ఇసుక రేణువుల్లో ఉండే పదార్థమే, చేరి గట్టిపడింది. అది ఇసుకరాయి. ఇంకా ఒత్తిడి, వేడి తగిలితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి క్వార్ట్జైట్ అవుతుంది. మామూలు ఇసుకరాయి విరిగితే పగులు రేణువుల పక్కనుంచి పోతుంది, క్వార్ట్జైట్ విరిగితే రేణువులను కోసుకుంటూ పోతుంది. అందుకే విరిగిన ముఖం కలకండ ముక్కలాగా తళుక్కుమంటుంది. దారిలో రాలిపడిన ముక్కలు బోలెడు ఉంటాయి. ఒకటి తీసి ఎండలో తిప్పి చూడండి, చూసి అక్కడే పెట్టేయండి. సుత్తులు మాత్రం తేవద్దు. అది పులుల అడవి, పైగా క్షేత్రం.

ఎరుపు సంగతి. రేణువుల చుట్టూ ఉన్న పల్చటి ఇనుము పొరకు గాలీ నీరూ తగిలి పట్టిన రంగు అది. పైన ఎర్రగా ఉన్న బండ, తాజాగా పగిలిన చోట చాలాసార్లు లేత గులాబీగానో తెల్లగానో ఉంటుంది. జ్వాలా నరసింహుడి గుడి దగ్గర రక్తకుండం ఉంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక స్వామి చేతులు కడుక్కున్న గుండం కాబట్టి నీళ్ళు ఎర్రగా కనిపిస్తాయని చెబుతారు. ఈ కథనూ ఇనుము మాటనూ పక్కపక్కన పెట్టుకోవడానికి నాకు ఏ ఇబ్బందీ లేదు. కథ కట్టినవాళ్ళు ఆ కొండ ఎరుపును మనకంటే ముందు, మనకంటే శ్రద్ధగా చూసినవాళ్ళు.

ఈ బండల వయసు ఎలా తెలుస్తుందని పోయినసారి ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రైలు ఎక్కి ఉంటారు కదా, నల్లమల మధ్యలో చెలమ అని చిన్న స్టేషన్ వస్తుంది. ఆ ప్రాంతంలో భూమి లోతుల్లోంచి కరిగిన రాయి పైకి వచ్చి, అప్పటికే ఉన్న పొరలను చీల్చుకుని గడ్డకట్టింది. దాన్ని లాంప్రొయైట్ అంటారు, వజ్రాలను మోసుకొచ్చే రాళ్ళ కుటుంబంలోది. దానిలోని ఖనిజాలను పరీక్షించి వయసు కట్టారు, సుమారు 140 కోట్ల ఏళ్ళు. చీలిన పొర చీల్చినదాని కంటే ముందే అక్కడ ఉండాలి కదా! ఆ చీలిన పొరలను కంభం పొరలంటారు. వాటికి అడుగున ఉన్నది మనం నడవబోయే ఈ నల్లమల క్వార్ట్జైట్. దానికి బైరెనికొండ పేరు పెట్టారు. కాబట్టి అది ఇంకా పాతది. ఆ ఇసుక పేరుకుంటున్నప్పుడు నేల మీద చెట్టు లేదు, గడ్డిపోచ లేదు, నీళ్ళలో చేప లేదు. వానకు కొట్టుకుపోయే ఇసుకను పట్టి ఆపడానికి ఒక్క వేరు కూడా లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాతిపొరల మీద పెద్ద నివేదిక అచ్చు వేశాడు. ఈ పొరల పేర్లన్నీ మన ఊళ్ళవే: గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట. గువ్వలచెరువు అంటే మనకు పాలకోవా, భూగర్భ శాస్త్రం చదివినవాడికి కడప పొరల్లో అడుగున ఉన్న క్వార్ట్జైట్. మీ ఇంటి నాపరాళ్ళు కూడా ఈ రాతి కుటుంబం నుంచి వచ్చినవే, కాకపోతే ఎర్రబండల కంటే చాలా చిన్న వయసువి. మన పిల్లలకు ఈ సంగతి బడిలో ఎవరూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

జ్వాలా నరసింహుడి దగ్గర కాసేపు కూర్చుందాం. గుడి పైకి కొండ గొడుగు పట్టి నిలబడుతుంది, ముందు నుంచి నీళ్ళు జారుతుంటాయి. గట్టి క్వార్ట్జైట్ పొరల మధ్య అక్కడక్కడా మెత్తటి పలకరాయి పొరలు ఉంటాయి. తడికి మెత్తవి ముందు అరిగి రాలిపోతాయి, పైనున్న గట్టి పొర ముందుకు మిగిలిపోతుంది. ఈ కొండలకు నిలువు పగుళ్ళు కూడా ఎక్కువ. అరిగీ అరిగీ ఒకనాటికి ఆ పగులు వెంట ముక్క ఊడి పడుతుంది, అందుకే కొండ అంచు గోడ కట్టినట్టు నిటారుగా ఉంటుంది. ఉగ్రస్తంభంలో మీరు చూసే చీలిక కూడా ఈ నిలువు పగుళ్ళ పనే. స్తంభం చీల్చుకుని స్వామి వచ్చాడన్న చోటు అది. కింద నిలబడి తలెత్తితే ఒళ్ళు జలదరిస్తుంది, కారణం తెలిసినా సరే.

ఇక బండల మీద పేర్లు. పెయింటుతో రాసినవి, మేకుతో చెక్కినవి, మధ్యలో గుండె బొమ్మలు. రాసినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అది ఉత్త బండ అనుకున్నారు, అంతే. కానీ ఆ చెక్కుడు కింద పోయిన అలల గీత ఇక మళ్ళీ రాదు. ఆదివారం ఎవరైనా మేకు తీస్తే, దయచేసి పక్కనున్న పిల్లలే చెప్పండి. పెద్దవాళ్ళు చెబితే గొడవవుతుంది, పిల్లలు చెబితే వింటారు.

జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, తడిబండ మీద పాచి ఉంటుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. కవర్లు చేతిలో ఊపుకుంటూ నడిస్తే కోతులు వదలవు, అన్నీ సంచిలోనే ఉండాలి. కొండ అంచులకు పెద్ద తేనెపట్లు ఉంటాయి కాబట్టి సెంటు పూసుకోవద్దు, కేకలు వేయొద్దు, పొగ అసలే వద్దు. ఎగువన మబ్బు కమ్మితే మనకు ఎండగా ఉన్నా సరే వాగులోంచి బయటికి రావాలి, ఇందులో వాదన లేదు. దారి తెలిసిన స్థానికుణ్ణి వెంట తీసుకుంటున్నాం, ఆయన వెనక్కి తిరుగుదామంటే తిరగడమే.

ఉగ్రస్తంభం చివరి ఎక్కుడు అందరికీ కాదు. మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు, ఎత్తు చూస్తే టెన్షన్ పడేవాళ్ళు జ్వాలా నరసింహుడి దగ్గరే నాతో ఉండిపోవచ్చు. అక్కడి బండల్లో చూడాల్సినవి మధ్యాహ్నం దాకా సరిపోతాయి. పైకి వెళ్ళినవాళ్ళు మూడు గంటలకల్లా కిందికి రావాలి, చీకటి పడకముందే అందరం ఎగువ అహోబిలంలో ఉండాలి. ఎవరు పైకి, ఎవరు కింద అన్నది ఇప్పుడే పేర్లు రాసుకుందాం. ఆలోపు అడగాల్సినవి ఉంటే అడగండి, ముందు పిల్లలు.