లేబుల్ మీద చిన్న అక్షరాల్లో

శ్రోతలకు నమస్కారం.

బుర్రకథ విన్నవాళ్ళకు వంతల సంగతి నేను చెప్పక్కర్లేదు. కథకుడు మంచి ఊపులో ఉండగా పక్కనుంచి 'భళా!' అంటారు, 'ఆహా, తర్వాతో?' అని ఎగదోస్తారు. కథ ఆగదు సరికదా, ఇంకాస్త జోరెక్కుతుంది. 1930లలో అమెరికాలో వచ్చిన కొన్ని గ్రామఫోన్ రికార్డుల్లో అచ్చం ఇలాంటి గొంతొకటి వినబడుతుంది. ఒకాయన తీరుబడిగా పాడుతుంటాడు. చరణం సగంలో ఉండగా పక్కనుంచి ఇంకొకాయన సన్నటి గొంతుతో 'ఆ... హా!' అని కేక పెడతాడు.

ఆ కేక బాబ్ విల్స్‌ది. బ్యాండు ఆయనది, ఫిడేలు ఆయనది, లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరూ ఆయనదే. పాడే మనిషి టామీ డంకన్. ఆయన పేరు పాట పేరు కింద, కళ్ళు చికిలించి చూస్తే కనబడేంత. ఈ పూట నేను చెప్పబోయేది ఆ చిన్న అక్షరాల మనిషి గురించి.

ముందు ఆ సంగీతం సంగతి. దాన్ని వెస్టర్న్ స్వింగ్ అంటారు. టెక్సాస్, ఓక్లహోమా పల్లెల్లో ఫిడేలు మీద వాయించుకునే డాన్సు పాటలున్నాయి కదా, వాటిలో నల్లవారి బ్లూస్, నగరాల జాజ్, సరిహద్దు అవతలి మెక్సికన్ బాణీలు కలిశాయి. గిటార్, బాంజో పక్కన డ్రమ్ములు, బాకాలు చేరాయి. ఇది కూర్చుని వినే సంగీతం కాదు. టిక్కెట్టు కొని హాల్లోకి వచ్చినవాళ్ళ కాళ్ళు నిలవకూడదు, అదీ లెక్క.

డంకన్ 1911లో టెక్సాస్‌లోని విట్నీ దగ్గర, కూరగాయలు పండించే ఒక పెద్ద కుటుంబంలో పుట్టాడు. 1932లో ఫోర్ట్ వర్త్ పట్నంలో రూట్ బీర్ అనే తీపి పానీయం అమ్మే ఒక దుకాణం దగ్గర, వచ్చేపోయేవాళ్ళు ఇచ్చే చిల్లర కోసం పాడుతున్నాడు. అప్పుడు ఆ ఊళ్ళో లైట్ క్రస్ట్ డోబాయ్స్ అనే బ్యాండు ఉండేది. లైట్ క్రస్ట్ అంటే గోధుమపిండి పేరు. రేడియోలో పిండి అమ్మడానికి మిల్లువాళ్ళు పెట్టుకున్న బ్యాండన్నమాట. అందులో పాడే మిల్టన్ బ్రౌన్ వెళ్ళిపోతే, విల్స్ అరవై ఏడు మంది గొంతులు విని, చివరికి ఈ కుర్రాణ్ణి తీసుకున్నాడు.

మరుసటేడు మిల్లు మేనేజరు ఓడానియెల్‌తో విల్స్‌కు చెడింది. డంకన్ కూడా నెల జీతం వదులుకుని విల్స్ వెంట నడిచాడు. ఓడానియెల్ తర్వాత టెక్సాస్ గవర్నరయ్యాడు; పంతం ఎంతటిదంటే, వీళ్ళు ఏ స్టేషన్లో కుదురుకోబోయినా అడ్డం పడ్డాడు. చివరికి 1934లో ఓక్లహోమాలోని టల్సా ఊళ్ళో కె.వి.ఓ.ఓ. అనే రేడియో స్టేషన్ వీళ్ళకు చోటిచ్చింది. మధ్యాహ్నం రేడియో, రాత్రి కెయిన్స్ అనే హాల్లో డాన్సు. విల్స్ బ్యాండుకు టెక్సాస్ ప్లేబాయ్స్ అని పేరు; అది ఓక్లహోమా అంతా పాకింది అక్కణ్ణుంచే.

మొదటి రికార్డింగు 1935 సెప్టెంబరులో, డాలస్‌లో. కంపెనీ తరఫున వచ్చినాయన ఆర్ట్ సాథర్లీ, పుట్టుకతో ఇంగ్లండువాడు. ఆయనకు కావలసింది ఫిడేలు, గిటారు, పల్లె పాట. ఈ బాకాలెందుకన్నాడు. పాట మొదలయ్యాక, పాడేవాడి మీద ఆ కేకలేమిటన్నాడు. విల్స్ మారుమాట్లాడకుండా, వాయిద్యాలు సర్దేయండి, ఇంటికి పోదాం అన్నాడు తనవాళ్ళతో. సాథర్లీ దిగొచ్చాడు. ఆ కేకలు అలాగే ఉండిపోయాయి, దాదాపు నలభై ఏళ్ళు.

ఇందులో డంకన్ స్థితి ఆలోచించండి. నోరు తెరిచి పాడుతుంటే యజమాని చెవి పక్కనే కేక వేస్తాడు. ఎప్పుడు వేస్తాడో తెలియదు. ఇంకొకడైతే తాళం తప్పును. డంకన్ మాత్రం మైకు ముందు మనతో మాట్లాడుతున్నట్టు, ఏ మాటకామాట విడివిడిగా, కంగారు లేకుండా పాడుకుపోతాడు. పల్లె పాటల గాయకుడు జిమ్మీ రోజర్స్ నుంచి కొంత, అప్పట్లో దేశమంతా వినే గాయకుడు బింగ్ క్రాస్బీ నుంచి కొంత తీసుకున్న పద్ధతి అది. నన్నడిగితే ఆ కేక అంత బాగా పండటానికి ఈయన నిదానమే కారణం. ఇద్దరూ అరిస్తే ఏముంది, గోల.

విల్స్ 1938లో శాన్ ఆంటోనియో రోజ్ అని ఒక ఫిడేలు బాణీ రికార్డు చేశాడు. బాగుంది, దీనికి మాటలుంటే అచ్చువేస్తామన్నారు ప్రచురణకర్తలు. మాటలు బ్యాండులో వాళ్ళే కలిసి కట్టారు. 1940 ఏప్రిల్లో, ఈసారి బాకాలు ముందుండగా, డంకన్ పాడాడు. దేశమంతా మోగింది. కొన్ని నెలలకే అదే పాటను బింగ్ క్రాస్బీ పాడాడు. ఎవరిని వింటూ నేర్చుకున్నాడో ఆయనే తన పాట ఎత్తుకోవడం! ఇంతకంటే మెప్పు ఏ గాయకుడికి కావాలి?

అదే ఏడు డంకన్ సొంతంగా రాసిన పాట టైమ్ చేంజెస్ ఎవ్రీథింగ్ వచ్చింది. ప్రేమ చెడిన మనిషి ఏడవడు, తిట్టడు. కాలం అన్నిటినీ మార్చేస్తుందిలే అంటాడు, అంతే. ఇరవై ఏళ్ళ తర్వాత పేరున్న కంట్రీ గాయకుడు జానీ క్యాష్ కూడా దాన్ని పాడాడు. విల్స్‌తో కలిసి డంకన్ రాసినవి ఇంకా ఉన్నాయి, టేక్ మీ బ్యాక్ టు టల్సా లాంటివి. కానీ నా మటుకు ఈ ఒక్కటి చాలు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడగానే డంకన్ సైన్యంలో చేరాడు. తిరిగొచ్చేసరికి బ్యాండు కాలిఫోర్నియాకు మారిపోయింది. 1946, 47 సంవత్సరాల్లో అక్కడ శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల చేసిన రికార్డింగులున్నాయి, టిఫనీ ట్రాన్‌స్క్రిప్షన్స్ అంటారు. ఇవి దుకాణంలో అమ్మేవి కావు, రేడియో స్టేషన్లకు పంపేవి. అప్పటి మామూలు రికార్డు పది అంగుళాలు. మూడు నిమిషాలకు పాట అయిపోవాలి. ఇవి పదహారు అంగుళాల పళ్ళేలు. ముల్లు పెడితే ఒక వైపు పావుగంట తిరుగుతుంది. గడియారం భయం లేదు కాబట్టి గిటారువాడు ఇంకో చుట్టు వాయిస్తాడు, విల్స్ పేరుపేరునా పిలుస్తాడు, డంకన్ ఓపిగ్గా తన వంతు కోసం ఆగి అందుకుంటాడు. రెండు వందలకు పైగా పాటలు. రేడియో మనిషిని కనుక పక్షపాతం అనుకున్నా సరే, ఆ బ్యాండు అసలు రూపం వీటిలోనే ఉంది.

తర్వాతి కథ మనకు తెలియనిదేం కాదు. విల్స్‌కు తాగుడు. కొన్ని రాత్రులు డాన్సుకు వచ్చేవాడు కాదు. డబ్బిచ్చి వచ్చిన జనం 'బాబ్ ఏడీ?' అని అడిగేది స్టేజీ మీద నిలబడ్డ డంకన్‌ను. ఒకనాడు ఆయన విసుక్కున్న మాట విల్స్ చెవిన పడిందని చెబుతారు. 1948లో విడిపోయారు. డంకన్ తమ్ముడు గ్లిన్‌తో, మరికొందరితో సొంత బ్యాండు పెట్టాడు. 1949లో జిమ్మీ రోజర్స్ పాత పాటొకటి పాడితే బాగానే ఆడింది. ఆ తర్వాత అంత పెద్దది లేదు. అటు విల్స్‌కూ అలాంటి గొంతు మళ్ళీ దొరకలేదు.

1960లో ఇద్దరూ లిబర్టీ కంపెనీకి కలిసి పాడారు. మరుసటేడు వచ్చిన ఒక ఆల్బమ్‌కు 'మిస్టర్ వర్డ్స్ అండ్ మిస్టర్ మ్యూజిక్' అని పేరు పెట్టారు. మాటలాయన, సంగీతమాయన. ఇన్నేళ్ళకు ఇద్దరి అక్షరాలూ ఒకే సైజుకు వచ్చాయి.

డంకన్ 1967 జూలైలో శాన్ డియేగోలో గుండె ఆగి పోయాడు. వయసు 56. విల్స్ ఆఖరి రికార్డింగు 1973 డిసెంబరులో, మళ్ళీ డాలస్‌లోనే. పాత ప్లేబాయ్స్ చేరారు. విల్స్ చక్రాల కుర్చీలో వచ్చి ఒక్కరోజు కూర్చున్నాడు; ఆ రాత్రే పక్షవాతం కమ్మేసింది. డంకన్ పాటలు వేరేవాళ్ళు పాడారు. 'ఆ... హా!' అనే కేక కూడా హోయల్ నిక్స్ అనే ఇంకొకాయన వేశాడు.