గుండులో నంది ఎక్కడుంది?

(తెర మీద: ఓర్వకల్లు రాక్ గార్డెన్, పొద్దున పూట. కెమెరా ఒక బండ చుట్టూ మెల్లగా తిరుగుతుంది.)

నమస్కారం. ఈ బండలో మీకేం కనిపిస్తోంది? మా అక్క కూతురు కూర్చున్న కుక్క అంది. నాకు ముసుగేసుకున్న అవ్వలా ఉంది. ఉలి తగలని రాయి ఇది.

కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో, సుమారు 20 కిలోమీటర్లకు ఈ పార్కు వస్తుంది. ఇక్కడి రాళ్లలో క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం ఎక్కువ. ఎండావానలకు అంత తొందరగా లొంగదది. అయితే ఎంత గట్టి రాయికైనా పగుళ్లుంటాయి. నీళ్లు దిగేదీ, చెట్ల వేర్లు దూరేదీ వాటిలోకే. బలం లేని చోట రాలిపోయి, బలమున్నది నిలబడుతుంది. మనం కుక్క అనేది ఆ మిగిలినదాన్నే.

(తెర మీద: బొగ్గుతో గీసిన చదరపు బండ. మూలలు ఒక్కొక్కటే గుండ్రమవుతాయి.)

అనంతపురం వైపు గ్రానైటు గుండ్లు చూసే ఉంటారు. అవి అంత గుండ్రంగా ఎందుకుంటాయి? చదరంగా పగిలిన బండకు చదును మీద ఒక వైపు నుంచే దెబ్బ తగులుతుంది. అంచుకు రెండు వైపుల నుంచి, మూలకు మూడు వైపుల నుంచి. అందుకే ముందు మూలలు అరుగుతాయి. లక్షల ఏళ్లకు గుండు మిగులుతుంది.

ఇప్పుడు లేపాక్షి పోదాం. ఒకప్పటి అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా.

(తెర మీద: లేపాక్షి నంది, పక్క నుంచి.)

ఏకశిల నంది. పొడవు దాదాపు 27 అడుగులు, ఎత్తు 15. మెడలో గంటలు, హారాలు అందరూ చూస్తారు. మీరు వీపు చూడండి. ఎక్కడా కోణం లేదు. చుట్టుపక్కల గుండ్లకున్న వంపే ఆ వీపుకూ ఉంది. నాకైతే శిల్పి సగం పని రాయికే వదిలేశాడనిపిస్తుంది.

గుడిలో ఏడు పడగల నాగలింగం గురించి ఒక కథ చెబుతారు. అమ్మ వంట చేసేలోపు శిల్పులు దాన్ని చెక్కేశారట. ఆ తొందర సంగతెలా ఉన్నా, నాకు అందులో నచ్చింది ఇంకొకటి: వాళ్లు రాయి కోసం ఎక్కడికీ పోలేదు. ఎదురుగా ఉన్న గుండునే తీసుకున్నారు.

మన ఊరి పార్కుల్లో సిమెంటు జింకలు, కొంగలు పెడుతున్నాం. పిల్లలు ఎక్కి ఆడుకుంటారు, సంతోషమే. కానీ లోపలి కమ్మీ తుప్పు పట్టి ఉబ్బిందంటే పైన పెచ్చులూడతాయి. పార్కు కట్టేటప్పుడు అడ్డమని పగలగొట్టే గుండును అక్కడే ఉంచి, ఒక కన్నో, చెవో చెక్కిస్తే చాలదా? మన ఆళ్లగడ్డలో ఈ రోజుకీ రాయి చెక్కే కుటుంబాలున్నాయి కదా!

ఓర్వకల్లు వెళ్తే సాయంత్రం వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడి పగుళ్లలో నీడ దిగుతుంది. పొద్దున కుక్కలా ఉన్న బండ అప్పుడు ఇంకేదో అవుతుంది. ఏమైందో కామెంట్‌లో రాయండి.