తాబేలు గుడ్డు దొర్లితే ఏమవుతుంది?

[తెర: కళింగపట్నం తీరం, తెల్లవారుజాము. ఇసుకలో తాబేలు పాకిన చార.]

వ్యాఖ్యానం: శీతాకాలం చివర్లో శ్రీకాకుళం తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లొచ్చి గుంటకు వంద అటూఇటూగా గుడ్లు పెడతాయి. కుక్కలు, నక్కలు తవ్వేస్తాయని ఆ గుడ్లను హేచరీకి, అంటే గుడ్లు పొదిగించే రక్షిత ఆవరణకు, మారుస్తారు. అటవీ శాఖ అనుమతి లేనిదే ముట్టుకోకూడదు.

[దగ్గరి షాట్: గ్లవ్స్ చేతిలో గుడ్డు.]

తల్లి కడుపులో ఆక్సిజన్ తక్కువ కాబట్టి పిండం ఎదుగుదల ఆగి ఉంటుంది. గుడ్డు బయటపడగానే మళ్లీ మొదలై, కొన్ని గంటల్లో పిండం పైవైపు పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లిందా, అతుకు ఊడి పిండం చస్తుంది. పైకి మాత్రం గుడ్డు నిక్షేపంగా కనబడుతుంది, అదే చిక్కు. పెట్టిన రెండు గంటల్లోపు మార్చడం మేలు. పొద్దెక్కాక కనబడిన గుంటకైతే అక్కడే కంచె కట్టండి. తప్పక మార్చాల్సి వస్తే పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అదే వైపు పైకుండేలా బకెట్‌లో తడి ఇసుక మీద పేర్చండి. బండి మీద వద్దు, నడిచే తీసుకెళ్లండి.

[తెర: గుంట తవ్వకం, టేపు కొలత.]

హేచరీలో తవ్వే గుంట లోతు 45 సెంటీమీటర్లు. నోరు సన్నగా, అడుగు వెడల్పుగా, కుండలా ఉండాలి. గుంటల మధ్య మీటరు ఎడం. ఇసుక పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. నీరు నిండితే గుడ్లకు గాలి ఆడదు.

[తెర: థర్మామీటర్ తీగ.]

అసలు సంగతి ఇక్కడుంది. పిల్ల ఆడో మగో తేల్చేది క్రోమోజోములు కాదు, వేడి. సుమారు 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి పుడతాయి. పెరిగితే ఆడవి, తగ్గితే మగవి ఎక్కువ. గుడ్లు పొదిగే కాలం 50 రోజులైతే 17 నుంచి 33వ రోజు దాకా ఉన్న వేడే లెక్క. పుట్టిన పిల్లను చూసి ఆడామగా చెప్పలేం గనక రోజూ రాసుకున్న ఉష్ణోగ్రతే ఆధారం. తీగ కొన గుడ్ల మధ్యలో ఉండాలి, పిండాల సొంత వేడీ కలుస్తుంది. ఎండలు ముదిరితే కొబ్బరాకు పందిరి వేయండి. 35 దాటి రోజుల తరబడి నిలిస్తే పిండాలే మిగలవు. అలాగని మొదటి రోజు నుంచీ చిక్కటి నీడ కప్పితే అన్నీ మగవే అవుతాయి!

[తెర: రాత్రి, గుంట నోట్లో పిల్లలు.]

ఇక పొద్దున అతిథులొచ్చి ఫొటోలు దిగేదాకా పిల్లల్ని టబ్బులో ఉంచడం. ఇది పూర్తిగా మానాలి. కడుపులో మిగిలిన పచ్చసొనే వాటి ఇంధనం; మొదటి ఒక రోజు ఆగకుండా ఈది తీరానికి దూరమవడానికి అదే ఆధారం. టబ్బులో కొట్టుకుంటే అదంతా అక్కడే ఖర్చవుతుంది. బయటికొచ్చిన రాత్రే, టార్చి ఆర్పేసి, నీటికి కొన్ని మీటర్ల ఇవతల ఇసుక మీద వదలండి.